‘హాలోవీన్’ (1978): ఇంట్లో చూడాలంటే ఏ డిస్క్ మేలు?

దర్శకుడు జాన్ కార్పెంటర్ తీసిన భయానక చిత్రం ‘హాలోవీన్’ మళ్లీ చూద్దామనుకునేవాళ్లకి వచ్చే మొదటి చిక్కు డిస్క్‌తోనే. 1978 అక్టోబర్‌లో విడుదలైన ఈ 91 నిమిషాల సినిమా డీవీడీ నుంచి 4కె దాకా చాలాసార్లు వచ్చింది. కొత్తది వచ్చినప్పుడల్లా అందులో రాత్రి రంగు మారుతూ వచ్చింది. ఒక డిస్క్‌లో రాత్రి నీలంగా ఉంటుంది, ఇంకో డిస్క్‌లో ఆ నీలం జాడే కనపడదు. అందుకే ‘4కె వచ్చింది కదా, అది కొంటే పోలా’ అనుకుంటే పని జరగదు.

పోల్చి చూడదగ్గవి నాలుగు: 2007 నాటి యాంకర్ బే బ్లూరే, 2013లో 35వ వార్షికోత్సవానికి వచ్చిన బ్లూరే, 2018 లయన్స్‌గేట్ 4కె, 2021 స్క్రీమ్ ఫ్యాక్టరీ 4కె (యాంకర్ బే, లయన్స్‌గేట్, స్క్రీమ్ ఫ్యాక్టరీ డిస్క్‌లు తెచ్చిన కంపెనీలు). మా ఓటు ముందే చెప్పేస్తాం. టీవీ, ప్లేయర్, జేబు మూడూ కలిసొస్తే 2021 డిస్క్. 4కె టీవీ లేకపోయినా, ఉన్నదాన్ని దూరం నుంచి చూస్తున్నా 2013 బ్లూరే చాలు. 2018ది చవగ్గా దొరికితేనే చూడండి. 2007ది ఊరికే ఇచ్చినా రాత్రి సీన్ల కోసం మాత్రం నమ్ముకోవద్దు. ఎందుకో ఇప్పుడు వివరంగా.

రంగు దగ్గరే అసలు తగువు

కథ జరిగేది ఇల్లినాయ్‌లోని హాడన్‌ఫీల్డ్ అనే కల్పిత ఊళ్లో, అక్టోబర్ 31న. షూటింగ్ చేసిందేమో కాలిఫోర్నియాలో, సౌత్ పసడేనా, హాలీవుడ్ వీధుల్లో, 1978 వసంతకాలంలో. బడ్జెట్ మూడు లక్షల డాలర్లకి కాస్త అటూఇటూ. చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. రాలిన ఆకులు కావాలి కాబట్టి ఆకులకి రంగు వేసి వీధిలో చల్లారు. సీను అయ్యాక వాటినే ఏరి, మూట కట్టి, తర్వాతి సీనుకి మళ్లీ చల్లారు. జాగ్రత్తగా చూస్తే వెనక తాటి జాతి చెట్లు, కార్లకి కాలిఫోర్నియా నంబర్ ప్లేట్లు కూడా కనిపిస్తాయి. అంటే శరదృతువు అనే భ్రమని చాలావరకు రంగుల దిద్దుబాటే మోయాలి. పచ్చదనాన్ని కొంచెం అణిచి, గోధుమ రంగు వైపు లాగితేనే అది అక్టోబర్.

రాత్రి సంగతి ఇంకా సున్నితం. సినిమాటోగ్రాఫర్ డీన్ కండీ బయటి వెన్నెలకి నీలం వెలుగు వాడాడు, ఇళ్ల లోపల దీపాలకి వెచ్చని పసుపు ఉంచాడు. హీరోయిన్ లారీ పిల్లల్ని చూసుకుంటూ కూర్చున్న హాలు వెచ్చగా ఉంటుంది, కిటికీ అవతల చల్లని నీలం. ముసుగు హంతకుడు మైకేల్ మైయర్స్ ఆ నీలంలోంచి ఈ పసుపులోకి వస్తాడు. ఈ తేడా పోయిందా, సగం భయం పోయినట్టే.

2007 బ్లూరేకి వాడింది 2003 నాటి డీవీడీ కోసం చేసిన హై డెఫినిషన్ ట్రాన్స్‌ఫర్ (ఫిల్మ్‌ని డిజిటల్‌గా మార్చిన ప్రతి). అందులో రంగులు ముదిరాయి, వెలుగు పెరిగింది, రాత్రిలోని నీలం చాలావరకు కొట్టుకుపోయింది. పగటి సీన్లలో పచ్చిక నిగనిగలాడుతుంది, చర్మం రంగు ఎర్రబడుతుంది. విడిగా చూస్తే అందమైన బొమ్మే, వివరాలూ బాగానే కనిపిస్తాయి. కానీ అది వేసవి సినిమా. మొదటిసారి చూసేవాళ్లకి దీంతో పరిచయం చేయకపోవడమే మంచిది.

2013 బ్లూరే ట్రాన్స్‌ఫర్‌ని కండీయే దగ్గరుండి చూసుకున్నాడు. పచ్చ తగ్గింది, రంగులు మొత్తంగా ఒక మెట్టు దిగాయి, రాత్రికి నీలం తిరిగొచ్చింది. పాత డిస్క్‌కి అలవాటుపడ్డవాళ్లకి మొదట వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. పావుగంట చూడండి, కళ్లు సర్దుకుంటాయి. లారీ బడికి నడిచి వెళ్లే వీధిలో అప్పుడు నిజంగా చలికాలం ముందరి మబ్బు కనిపిస్తుంది.

2018 4కె రంగుల విషయంలో 2013 దారినే నడిచింది. దానికి హెచ్‌డీఆర్ (వెలుగుకీ చీకటికీ మధ్య మెట్లని ఎక్కువగా చూపే పద్ధతి) తోడైంది, గ్రెయిన్ (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నని రేణువులు) సన్నగా తేలింది. 2021లో స్క్రీమ్ ఫ్యాక్టరీ అసలు కెమెరా నెగెటివ్‌ని కొత్తగా 4కెలో స్కాన్ చేయించింది. కండీ పర్యవేక్షణ ఉంది, డాల్బీ విజన్ (సీను సీనుకీ సర్దుకునే హెచ్‌డీఆర్) ఉంది. నలుపుకీ ముదురు నీలానికీ మధ్య ఉన్న మెట్లు ఇందులోనే ఎక్కువ విడివిడిగా తెలుస్తాయి.

పరీక్షకి రెండు షాట్లు

డిస్క్‌నీ టీవీనీ కలిపి పరీక్షించడానికి రెండు చోట్లు చాలు.

మొదటిది టైటిల్స్. నల్లని తెరకి ఒక పక్కన చెక్కిన గుమ్మడికాయ, లోపల రెపరెపలాడే దీపం, కెమెరా మెల్లగా దాని వైపు జరుగుతుంది. మిగతా తెరంతా చీకటి, అందులో నారింజ రంగు అక్షరాలు. ఓఎల్‌ఈడీలో (ఒక్కో చుక్క తానే వెలిగి ఆరే టీవీ) ఆ నలుపు గదిలోని చీకటితో కలిసిపోతుంది. ఎల్‌ఈడీ టీవీలో గుమ్మడికాయ చుట్టూ బూడిద రంగు పొగలాంటి వలయం కనిపిస్తే తప్పు డిస్క్‌ది కాదు. వెనక వెలిగే లైట్లు జోన్లుగా ఉండి, ఒక్కో జోను వస్తువు కన్నా పెద్దదిగా ఉండటం వల్ల వచ్చేది అది. లోకల్ డిమ్మింగ్‌ని (ఆ జోన్లని విడివిడిగా మసకబరిచే సెట్టింగ్) ఒక మెట్టు తగ్గించి చూడండి.

రెండోది చివరి అరగంటలో. శవాల్ని చూసిన లారీ గోడకి ఆనుకుని ఏడుస్తుంటుంది, పక్కనే తలుపు, దాని వెనక కటిక చీకటి. ఆ చీకట్లోంచి తెల్లని ముఖం నెమ్మదిగా తేలుతుంది. ముసుగు దగ్గర ఒక చిన్న లైటు పెట్టి, డిమ్మర్‌తో కొద్దికొద్దిగా పెంచి తీసిన షాట్ ఇది. మనిషి కదలడు, వెలుగే కదులుతుంది. బొమ్మ సరిగ్గా ఉంటే ముఖం ఎప్పుడు మొదలైందో చెప్పలేరు. ‘అక్కడేదో ఉందా?’ అని అనుమానం వచ్చేసరికే అది అక్కడ ఉంటుంది. వెలుగు పెంచిన ట్రాన్స్‌ఫర్‌లో ముఖం ముందే దొరికిపోతుంది. నలుపు నొక్కేసిన టీవీలో హఠాత్తుగా బల్బు వేసినట్టు ఊడిపడుతుంది. స్ట్రీమింగ్‌లో ఇంకో రోగం: ఆ చీకటి చదరపు ముక్కలుగా విరిగి కదులుతుంది. 4కె స్ట్రీమింగ్‌కి సాధారణంగా 15 నుంచి 25 ఎంబీపీఎస్ (సెకనుకి వచ్చే డేటా కొలత) దొరుకుతుంది, 4కె డిస్క్ 100 దాకా వెళ్లగలదు. బిట్లు చాలనప్పుడు వీడియోని కుదించే ఎన్‌కోడర్ ముందుగా పొదుపు చేసేది చీకట్లోనూ గ్రెయిన్‌లోనూ. ఈ సినిమా ఉన్నదే ఆ రెండింట్లో.

గ్రెయిన్ గురించి ఒక మాట. రాత్రి సీన్లలో కదిలే సన్నని ఇసకని చూసి ‘4కె అన్నారు, ఈ మచ్చలేంటి’ అని విసుక్కునేవాళ్లున్నారు. అది ఫిల్మ్ స్వభావం. నాయిస్ రిడక్షన్ పెట్టి దాన్ని తుడిస్తే ముసుగు మీది పెయింట్ గరుకుదనం, గోడల పాత సున్నం కూడా దాంతో తుడుచుకుపోతాయి. అనమార్ఫిక్ లెన్స్‌తో (వెడల్పు దృశ్యాన్ని అడ్డంగా నొక్కి ఫిల్మ్‌లో పట్టేది) తీసింది కాబట్టి తెర అంచుల్లో కొంచెం మెత్తగా ఉండటమూ మామూలే.

ఒక్క స్పీకర్ మాటేంటి?

ఇది మోనో సినిమా, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్‌లో ఉంటుంది. చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినే 5.1, 7.1, అట్మాస్ మిక్స్‌లన్నీ తర్వాత కట్టినవే. కార్పెంటర్ అయిదు మాత్రల తాళంలో కొట్టిన ఆ పియానో, మైకేల్ కనపడగానే పొడిచినట్టు పడే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) దెబ్బ, రెండూ ఒకే చోటి నుంచి రావడానికి లెక్కవేసి చేసినవి. వెడల్పు చేసిన మిక్స్‌లో సంగీతం గదంతా పరుచుకుని హాయిగా ఉంటుంది. అలా హాయిగా ఉండటమే ఇక్కడ లోపం.

2018 డిస్క్ వెనకబడింది ఇక్కడే. బొమ్మ బాగున్నా 4కె డిస్క్‌లో అసలు మోనో లేదు, 7.1 మాత్రమే. 2013లో 7.1తో పాటు మోనో ఉంది. 2021లో అట్మాస్, మోనో రెండూ ఉన్నాయి. ఈ ఒక్క కారణం చాలు, 2018ది కొనబోయేవాళ్లు ఆగి ఆలోచించడానికి.

మోనో పెట్టుకున్నాక రిసీవర్‌లో (స్పీకర్లని నడిపే పెట్టె) వర్చువల్ సరౌండ్, నైట్ మోడ్ తీసేయండి. నైట్ మోడ్ చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని తొక్కుతుంది. అప్పుడు ముసుగు లోపలి ఊపిరీ సింథ్ దెబ్బా ఒకే ఎత్తులో వినపడతాయి, ఉలికిపాటు రాదు. సౌండ్‌బార్ అయితే ‘స్టాండర్డ్’లోనో ‘డైరెక్ట్’లోనో ఉంచండి.

ఇండియాలో కొనేవాళ్లు చూసుకోవాల్సింది

బ్లూరేలకి రీజియన్ తాళం ఉంటుంది. అమెరికా ఎ, ఇండియా సి. అమెరికాలో ఎ తాళంతో వచ్చిన బ్లూరే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న ప్లేయర్‌లో తిరగదు. 4కె డిస్క్‌లకి రీజియన్ లేదు. అందుకని డల్లాస్ నుంచి అన్నయ్యో వదినో తెచ్చిపెట్టిన 2021 సెట్‌లో 4కె డిస్క్ ఇక్కడ హాయిగా ఆడుతుంది, అదే పెట్టెలోని బ్లూరేలు మొండికేస్తాయి. అదనపు విశేషాలు చాలావరకు ఆ బ్లూరేల మీదే ఉంటాయి. 2013ది తెప్పించుకునేటప్పుడు కూడా ముందు మీ ప్లేయర్ రీజియన్ చూసుకోండి. ఈ లెక్కన ఇండియాలో ఉన్నవాళ్లకి 4కె డిస్కే తక్కువ తలనొప్పి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ బాధ లేదు.

ప్లేయర్ విషయానికొస్తే, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కె డిస్క్‌లు ఆడిస్తాయి కానీ డిస్క్ నుంచి డాల్బీ విజన్ ఇవ్వవు, మామూలు హెచ్‌డీఆర్ అయిన హెచ్‌డీఆర్10 మాత్రమే వస్తుంది. శాంసంగ్ టీవీల్లోనూ డాల్బీ విజన్ లేదు. డిస్క్ అప్పుడు కూడా ఆడుతుంది, పైన చెప్పిన చీకటి మెట్లలో కొన్ని మాత్రం కలిసిపోతాయి. పానాసోనిక్ యూబీ820లో డాల్బీ విజన్ ఉంది, యూబీ420లో లేదు. సోనీ ఎక్స్800ఎం2లో ఉంది కానీ మెనూలోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి, హెచ్‌డీఆర్10 డిస్క్ పెట్టినప్పుడు మళ్లీ ఆఫ్ చేయాలి. మరిచిపోతే ఆ డిస్క్‌ని కూడా డాల్బీ విజన్‌గానే పంపుతుంది, రంగులు తప్పుతాయి.

టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టుకి ‘ఎన్‌హాన్స్‌డ్’ లేదా ‘డీప్ కలర్’ ఆన్ చేయకపోతే హెచ్‌డీఆర్ సరిగ్గా రాదు. కేబుల్ 18 జీబీపీఎస్‌ది వాడండి. బొమ్మ మధ్యమధ్యలో నల్లబడి వస్తుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. పిక్చర్ మోడ్ ‘ఫిల్మ్‌మేకర్’ లేదా ‘సినిమా’. మోషన్ స్మూతింగ్ (కదలికని టీవీ కృత్రిమంగా నున్నగా చేయడం) పూర్తిగా ఆఫ్: ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. ఇది ఆన్‌లో ఉంటే మొదటి సీను, అంటే చిన్న మైకేల్ కళ్లతో ఇంట్లోకి నడిచే పొడవాటి పానాగ్లైడ్ (ఒంటికి కట్టుకుని నడుస్తూ తీసే కెమెరా) షాట్, పెళ్లి వీడియోలా జారిపోతుంది. షార్ప్‌నెస్ ఎల్‌జీ, శాంసంగ్‌లలో సున్నా, సోనీలో 50 ఉంచితే అదనపు గీతలు పడవు. గేమ్ కన్సోల్ వాడితే ఆర్‌జీబీ రేంజ్ (నలుపు, తెలుపు హద్దుల సెట్టింగ్) టీవీతో కలవాలి. ఒకటి ఫుల్, ఒకటి లిమిటెడ్ అయితే ఆ తలుపు వెనక ముఖం చీకట్లో మునిగిపోతుంది, లేదా చీకటంతా బూడిదవుతుంది.

దూరం కూడా లెక్కే. 55 అంగుళాల టీవీకి సుమారు 2.2 మీటర్లు దాటి కూర్చుంటే 1080పికీ (బ్లూరే స్థాయి) 4కెకీ మధ్య గీతల నాణ్యతలో తేడా మామూలు కంటికి ఆనదు. 65 అంగుళాలకి ఆ హద్దు 2.6 మీటర్లు. మన హాళ్లలో సోఫా సాధారణంగా మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి 4కె డిస్క్ ఇచ్చే లాభం హెచ్‌డీఆర్, నలుపు మాత్రమే. టీవీ హెచ్‌డీఆర్‌లో బలహీనమైనదైతే అదీ ఉండదు. అలాంటి ఇంట్లో 2013 బ్లూరే ఏ మాత్రం తక్కువ కాదు. చిన్న ప్రొజెక్టర్‌కీ ఇదే వర్తిస్తుంది. వెలుగు చాలని ప్రొజెక్టర్‌లో హెచ్‌డీఆర్ రాత్రి సీన్లు బురదలా కనిపిస్తాయి, మామూలు బ్లూరే శుభ్రంగా ఉంటుంది.

2021 సెట్‌లో టీవీ కోసం పొడిగించిన వెర్షన్ కూడా ఉంది. అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీ 1981లో ప్రసారం చేసినప్పుడు రెండు గంటల స్లాటు నింపడానికి కార్పెంటర్ సుమారు 12 నిమిషాలు అదనంగా తీశాడు, అదీ రెండో భాగం షూటింగ్ జరుగుతున్నప్పుడు. ఆ అదనపు సీన్లలో ఒకటి మైకేల్‌కి లారీతో చుట్టరికం ఉందని సూచిస్తుంది. 1978 సినిమాలో వాడు ఎందుకు వస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఇంట్లో మొదటిసారి చూసేవాళ్లుంటే ఆ డిస్క్‌ని పెట్టెలోనే ఉంచి, థియేటర్ వెర్షన్ పెట్టండి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, లారీ పక్కన ఆ తలుపు వచ్చేసరికి కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలి.