అహోబిలంలో రెండు రోజులు: ఒక శ్లోకం, ఒక డోలీ, వెలగని గీజరు

మా అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు గీతా పారాయణం ఉంటుంది. పదో అధ్యాయం నాకు నోటికొచ్చి రెండేళ్లయింది కానీ, నిజం చెప్పాలంటే విభూతి యోగం నాకెప్పుడూ పెద్ద చిట్టాలాగే ఉండేది. శిఖరాల్లో మేరువును, నదుల్లో గంగను, మాసాల్లో మార్గశిరాన్ని అంటూ కృష్ణుడు చెప్పుకుంటూ పోతాడు, మనం తడబడకుండా అప్పజెప్పేస్తే అయిపోయినట్టే. అసలు అర్జునుడు అడిగిందేమిటి? నిన్ను ఏయే వాటిలో చూసుకుని తలచుకోవాలి స్వామీ అని. ఆ ప్రశ్నను నేనెన్నడూ పట్టించుకోలేదని నల్లమల అడవిలోని తొమ్మిది నరసింహుల క్షేత్రం అహోబిలం వెళ్తేగానీ తెలిసిరాలేదు.

మార్గశిరంలోనే వెళ్లాం, నేనూ మా అమ్మా మా బావా. నంద్యాలలో రైలు దిగి ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరాం. బస్సులున్నాయి గానీ పెద్దవాళ్లుంటే కారు మాట్లాడుకోవడం మేలు. బస గురించి చెప్పాలంటే హరిత హోటల్ ఉంది, మఠం వాళ్ల గదులున్నాయి, సత్రాలున్నాయి. మేం ఆలస్యంగా మేలుకుని ఒక సత్రంలో దొరికిన గది తీసుకున్నాం. ఫోన్లో "వేడినీళ్లు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి సార్" అన్నారు. వెళ్లి చూస్తే గీజరు ఉంది, దానికి వైరు ఉంది, వైరు చివర ప్లగ్గు లేదు. తెల్లారుజామున నల్లమల చలిలో చన్నీళ్ల స్నానం చేసి బావ "అహో బలం" అని అరిచాడు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, భోజనం కూడా బావుంది, అబద్ధం చెప్పకూడదు.

మొదటి రోజు దిగువన ప్రహ్లాదవరదుణ్ణి చూసుకుని, దగ్గర్లోనే ఉన్న యోగానంద, ఛత్రవట నరసింహుల దగ్గరికి వెళ్లాం. దిగువ గుడి మండపాల్లో స్తంభాల మీది శిల్పం చూడ్డానికే ఒక పూట కావాలి, మేం గంటలో ముగించి తప్పు చేశాం. ఎగువకు వెళ్లే దారిలో కారంజ నరసింహుడు ఉంటాడు, కానుగ చెట్టు కింద, చేతిలో విల్లుతో. రాముడు తప్ప నాకెవరూ వద్దని హనుమంతుడు మొండికేస్తే స్వామి ఇలా విల్లు పట్టి కనిపించాడట. భక్తుడి పంతానికి వేషం మార్చుకున్న దేవుడు! అమ్మకు అన్నిటికంటే ఇదే నచ్చింది. పావన నరసింహుడికి అడవిలో జీపు మీద వెళ్లాలి. ఆ దారిని దారి అనడానికి నాకు నోరు రావట్లేదు. నడుంనొప్పి ఉన్నవాళ్లు బాగా ఆలోచించుకోండి, మేమైతే మానేశాం.

రెండో రోజు ఎగువ అహోబిలం. గుహలో ఉగ్రనరసింహ స్వామి దర్శనం, పక్కనే చెంచులక్ష్మి అమ్మవారు. చెంచులకు ఈయన ఇంటల్లుడు. సంక్రాంతి దాటాక పార్వేట అని నలభై రోజుల పాటు స్వామి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి తన పెళ్లికి తానే పిలిచొస్తాడు. అక్కణ్ణుంచి భవనాశిని అనే ఏటి వెంబడి రాళ్ల మీద నడక, ముందు వరాహ నరసింహుడు, ఆ పైన జ్వాలా నరసింహుడు. కింద చేతికర్రలు దొరుకుతాయి, సిగ్గుపడకుండా తీసుకోండి. అమ్మకు డోలీ కట్టించాం. "నన్ను మోసిన పుణ్యమంతా వీళ్లదేరా, నాకేం మిగల్దు" అని దారంతా ఒకటే గొణుగుడు. రేటు, వెయిటింగు, మాలోల నరసింహుడి దాకా వస్తారా రారా, అన్నీ కిందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, పైకెళ్లాక కొత్త బేరం మొదలైంది.

మాతో వచ్చిన గైడు చెంచు కుర్రాడు. ఎప్పుడడిగినా "ఇంగ పది నిమిషాలే సార్". అలాంటి పది నిమిషాలు ఓ ఏడెనిమిది గడిచాక జ్వాల కొండచరియ కిందికి చేరాం. పైనుంచి నీళ్లు సన్నటి తెరలా దారి మీదే పడుతుంటాయి, తడవకుండా దాటలేం. లోపల ఎనిమిది చేతుల స్వామి, ఒళ్లో హిరణ్యకశిపుడు. బయట చిన్న గుంట, రక్తకుండం అంటారు, చేతులు కడుక్కున్నది అక్కడేనట. దాని పక్కన రాతి మీద కూలబడి రొప్పుతుంటే, అలవాటుగా నోట్లో ముప్పయ్యో శ్లోకం ఆడింది. "ప్రహ్లాదశ్చాస్మి దైత్యానాం, కాలః కలయతామహమ్..." దైత్యుల్లో ప్రహ్లాదుణ్ణి, లెక్కించేవాటిలో కాలాన్ని, మృగాల్లో సింహాన్ని, పక్షుల్లో గరుత్మంతుణ్ణి.

ఒక్కసారిగా ఒళ్లు జలదరించింది. ప్రహ్లాదుడు ఇక్కడివాడే, సింహం ఎదురుగానే ఉంది. మరి కాలం? హిరణ్యకశిపుడు అన్నీ లెక్కేసి వరం అడిగినవాడు కదా, పగలు వద్దు రాత్రి వద్దు అని. ఆ లెక్కలో సంధ్య పడలేదు. అంతటి లెక్కలమారి దొరికిపోయింది కాలం చేతికే. ఇన్నాళ్లూ వరస కుదరని చిట్టా అనుకున్న శ్లోకంలో నాలుగు మాటలుంటే, మూడు ఆ చరియ కిందే ఉన్నాయి. నాలుగోది దొరకలేదు. ఆకాశంలోకి చూస్తూ ఒక్క గద్ద కూడా లేదేంటి అంటే గైడు కుర్రాడు నవ్వాడు. "గరుత్మంతుడు పైన యాడుంటాడు సార్, మీరు కూచున్న కొండే గరుడాద్రి."

ఇంక నేను మాట్లాడలేదు.

స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని చెప్పే ఉగ్రస్తంభానికి బావ వెళ్లాడు, నేను సగంలో ఆగిపోయాను. చీలిన కొండ, ఇరుకు బాట, పక్కన లోయ. ఇది దేవుళ్లు తప్ప ఎవరూ పోలేని చోటని వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వార్ ఊరికే పాడలేదు. ఎత్తంటే భయమున్నవాళ్లు కింద నుంచి దణ్ణం పెట్టుకుంటే చాలు, స్వామి ఏమీ అనుకోడు. పొద్దున ఏడుకే బయల్దేరండి. మేం టిఫిన్ తిని తొమ్మిదికి కదిలాం, అందుకే తిరుగుదార్లో ప్రతిచోటా హడావిడే అయింది.

దిగేటప్పుడు మాలోలుడి దర్శనం, అక్కడే ప్రహ్లాద బడి. బండల మీద పలక గీతల్లా గీతలున్నాయి, ఆ పిల్లాడు రాసుకున్న అక్షరాలే అంటారు. నేను ఫోన్ తీసి ఫొటో కోసం యాంగిల్ వెతుక్కుంటున్నా. అమ్మ డోలీ దిగి, వంగలేక వంగి, ఒక గీత మీద చూపుడువేలు పెట్టి మెల్లగా దిద్దడం మొదలుపెట్టింది. "ఏం అక్షరమే అది" అన్నాను.

"తెలీదురా, ఉండు, ఇంకా పూర్తవలేదు" అంది.