ఏది మేలు? డాంగిలా, ఆధార్ ఓటీపీనా, బ్రౌజర్‌లో గీసిన సంతకమా?

భీమవరంలో రొయ్యల ఎగుమతిదారు, తణుకులో రైస్ మిల్లరు, ఆకివీడు దగ్గర చెరువు లీజుకిచ్చిన రైతు: ముగ్గురికీ కంప్యూటర్ మీద సంతకం పని పడుతుంది, ముగ్గురికీ ఒకే దారి సరిపోదు. దారులు మూడు: యూఎస్‌బీలో గుచ్చే సంతకం టోకెన్ (డాంగిల్), ఆధార్ ఓటీపీతో పడే ఈ-సైన్, బ్రౌజర్‌లో చేత్తో గీసే సంతకం. కాగితం మన మెషీన్ దాటి ఎవరి చేతికి వెళ్తోందో ముందు చూసుకోవాలి. ఖర్చు సంగతి తర్వాత.

చెరువు లీజు ఒప్పందంలో ఆధార్ నంబరు, సర్వే నంబరు, బ్యాంకు ఖాతా, రేటు అన్నీ ఉంటాయి. ఉచితంగా సంతకం పెట్టిస్తామనే సైటులోకి దాన్ని ఎక్కించామంటే ఆ కాపీ ఎన్నాళ్లుంటుందో మన చేతిలో లేదు. ఫైలును బయటికి పంపకుండా బ్రౌజర్‌లోనే పని ముగించే సైట్లూ ఉన్నాయి. ఏది ఏదో ఇలా తేల్చుకోవచ్చు: పేజీ తెరుచుకున్నాక నెట్ తీసేయండి. అప్పుడు ఫైలు పెట్టి, సంతకం గీసి, సేవ్ చేయండి. పని జరిగితే ఫైలు మీ దగ్గరే ఉన్నట్టు. ట్యాబ్ మూసేశాకే నెట్ మళ్లీ పెట్టండి. అసలు సైటే అక్కర్లేకుండా ఫైర్‌ఫాక్స్ పీడీఎఫ్ మీద 2022 నుంచి నేరుగా గీయనిస్తోంది.

అయితే ఇలా గీసింది బొమ్మే. దాన్ని కత్తిరించి ఇంకో కాగితం మీద అతికించొచ్చు, పైనున్న అంకె మార్చినా ఆనవాలు దొరకదు. మేత బిల్లు ముట్టినట్టు రాయడానికి చాలు. ఐటీ చట్టం, 2000 చెప్పే డిజిటల్ సంతకం మాత్రం ఇది కాదు.

డాంగిల్ కథ వేరు. ఇందులో రహస్య తాళం టోకెన్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. ఫైలు నుంచి లెక్కగట్టిన హాష్ (ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి చిన్న కోడ్) మీదే సంతకం పడుతుంది కాబట్టి తర్వాత ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదని చూపిస్తుంది. సంతకం ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ కూడా టోకెన్‌లోనే ఉంటుంది, 2021 నుంచి అందులో క్లాస్ 3 రకం మాత్రమే ఇస్తున్నారు. బ్రౌజర్‌ని టోకెన్‌తో కలిపే పాత జావా ప్లగిన్‌లకు క్రోమ్ 2015లో తలుపు మూసింది, ఇప్పుడు వెబ్ పేజీకి టోకెన్‌ను నేరుగా ముట్టుకునే వీలు లేదు. జీఎస్టీ పోర్టల్‌కి ఎమ్‌సైనర్ అనే, టోకెన్‌కీ బ్రౌజర్‌కీ మధ్య నిలిచే సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి రావడం అందుకే. అది మన మెషీన్‌లోనే 127.0.0.1 చిరునామా, 1585 పోర్టు మీద కూర్చుంటుంది. కనెక్షన్ దొరకలేదని వస్తే ఎమ్‌సైనర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ఆ చిరునామాను బ్రౌజర్‌లో ఒకసారి తెరిచి, హెచ్చరిక దాటి ముందుకెళ్లండి. పిన్ వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది, ఫార్మాట్ చేస్తే సర్టిఫికెట్ పోతుంది.

పోర్టల్ పని కాకపోతే బ్రౌజర్ జోలికే వెళ్లొద్దు. అడోబి రీడర్‌లో సర్టిఫికెట్‌తో సంతకం పెట్టే టూల్ తెరిచి, పెట్టె గీసి, పిన్ కొడితే ఫైలు గడప దాటదు. పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు ఆ మెషీన్ మన దేశపు మూల సర్టిఫికెట్‌ను (మిగతా సర్టిఫికెట్లకు ఆధారమైనదాన్ని) ఇంకా నమ్మడం లేదంతే.

ఇంత కట్టుదిట్టమైన దాన్ని మన వైపు చాలామంది పిన్ చీటీతో సహా ఆడిటర్ గారి ఆఫీసులోనే వదిలేస్తారు. ఇది మానుకోవాలి. తాళం తన అదుపులో ఉంచుకునే జాగ్రత్త సర్టిఫికెట్ తీసుకున్నవారిదేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ అంటోంది. రిటర్న్ వేసే రోజున డాంగిల్ పట్టుకెళ్లి, పిన్ మీరే కొట్టి, వెనక్కి తెచ్చుకోండి.

ఏడాదికి ఒకట్రెండు సంతకాలకు డాంగిల్ కొనక్కర్లేదు, ఆధార్ ఈ-సైన్ చాలు. ఆధార్‌కి లింకైన ఫోన్ చేతిలో ఉండాలి. సంతకమిచ్చే సంస్థకు కాగితం వెళ్లదు, హాష్ మాత్రమే వెళ్తుంది. అప్పటికప్పుడు పుట్టిన తాళంతో సంతకం పడ్డాక దాన్ని చెరిపేస్తారు. కాగితాన్ని మనకు చూపించే సైటు మాత్రం పూర్తిగా చూస్తుంది కాబట్టి బ్యాంకుదో, ప్రభుత్వానిదో అయితేనే ఓటీపీ కొట్టండి.

మిల్లరుకీ, ఎగుమతిదారుకీ డాంగిలే మేలు. చెరువు రైతుకి ఈ-సైన్. అయితే ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు. వీలునామాకి ఈ మూడూ పనికిరావు, సిరా సంతకమే.

సంతకమైన పీడీఎఫ్‌ను కంప్రెస్ చేసినా, ఇంకోదానితో కలిపినా, మళ్లీ పీడీఎఫ్‌గా ప్రింట్ కొట్టినా సంతకం పోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. రెండో మనిషి సంతకం ఆ ఫైలు మీదే పడాలి.