ఒకే ఛాసిస్, రెండు ఇంజిన్లు: నా సీబీజెడ్ కేఫ్ రేసర్ ఆరేళ్ల లెక్క

ముందే చెప్పేస్తున్నా, పాత సీబీజెడ్‌ను కేఫ్ రేసర్‌గా మార్చిన నా బండిలో ఇప్పుడు కరిజ్మా బండి ఇంజిన్ లేదు. 2019 ఉగాది నుంచి 2024 సంక్రాంతి దాకా ఉండింది, 31,400 కిలోమీటర్లు తిరిగింది. ఆ తరువాత దాన్ని దింపి, బండితో పాటు వచ్చిన పాత ఇంజిన్‌నే బోరు చేయించి మళ్లీ ఎక్కించినా. దాంతో ఇంకో ఏడు వేలు తిరిగినా. అదే ఛాసిస్, అదే సీటు, అదే హ్యాండిల్, ఇంజిన్లు మాత్రం రెండు. అనంతపురంలో టీ కొట్టు దగ్గర బండి ఆపితే ఎవరో ఒకరు వచ్చి "ఎంతయిందప్పా?" అని అడుగుతారు గానీ, "రోజూ నడపడానికి ఎట్లుంది?" అని ఎవరూ అడగరు. నేను రాసేది దాని గురించే.

బండి మా నాయనది. 2001లో కొన్న హీరో హోండా సీబీజెడ్, ఏపీ 02 నంబరు. దాని మీదే నాయన పదిహేనేళ్లు శింగనమల పక్క బడికి పోయొచ్చినాడు. ఆయన రిటైరయినాక అది గొడ్లపాకలో వేరుశనగ బస్తాల వెనక చేరింది. నేను బయటికి తీసేసరికి ట్యాంకులో పెట్రోలు జిగురైపోయి, సీటులో ఎలుకలు కాపురం పెట్టినాయి.

ఇంజిన్ మార్చాలన్న పిచ్చి ఊరికే పుట్టలేదు. కేఫ్ రేసర్లంటేనే ఇంగ్లండులో 1950, 60లలో కుర్రోళ్లు హోటలు నుంచి హోటలుకు పందెం వేసుకొని తిప్పిన బండ్లు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కేఫ్ వాళ్ల అడ్డా. గంటకు వంద మైళ్లు, అంటే మన 160 కిలోమీటర్లు, అందుకోవడమే వాళ్లకు మొగతనం. నార్టన్ కంపెనీ ఫెదర్‌బెడ్ ఛాసిస్ బాగుంటుందని, ట్రయంఫ్ ఇంజిన్ బాగుంటుందని, రెండూ కలిపి ట్రైటన్ అన్నారు. అంటే ఈ రకం బండిలో పేరుమోసినదే ఇంజిన్ మార్చిన బండి. నాది కూడా ఆ వంశమే అనుకున్నా. మా మెకానిక్ భాయ్ మాత్రం "వాళ్లకు ఎండ ల్యాదు, గుంతలు ల్యావు" అన్నాడు. ఆరేళ్లలో ఆయన మాట తప్పని రుజువు చేయలేకపోయినా.

కరిజ్మానే ఎందుకంటే, అప్పట్లో మా దగ్గర దొరికే సింగిల్ సిలిండర్లలో మొండిది అదే. 223 సీసీ, 17 హార్స్‌పవర్. సీబీజెడ్‌ది 156.8 సీసీ, దాదాపు 13. ఇంజిన్ ఒక్కటే కావాలంటే బెంగళూరు శివాజీనగర్ గుజిరీలో దొరుకుతుంది. వద్దన్నాడు భాయ్. కాగితం లేని ఇంజిన్ ఎవని బండి నుంచి దిగిందో ఎవరికి తెలుసు? హిందూపురంలో యాక్సిడెంటయిన బండిని ఆర్సీతో సహా 18 వేలకు తెచ్చినాం. మొత్తం ఖర్చులో తెలివిగా పెట్టిన డబ్బు ఇదొక్కటే. ప్లగ్గుకు కరెంటు పంపే సీడీఐ డబ్బా, కార్బరేటర్, వైరింగ్, పెద్ద డిస్కుతో ముందు ఫోర్కు, చక్రాలు, అన్నీ ఒకదానికొకటి సరిపోయేవి ఒకేసారి వచ్చేసినాయి. సీబీజెడ్‌కు 240 మిల్లీమీటర్ల డిస్కు, కరిజ్మాకు 276. ఇంజిన్ దింపేసినా డిస్కును మాత్రం వదల్లేదు.

ఇక అసలు చిక్కు. సీబీజెడ్ పిస్టన్ వెడల్పు 63.5 మిల్లీమీటర్లు, పైకీ కిందికీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, 49.5. కరిజ్మాకు 65.5, 66.2. వెడల్పులో తేడా రెండు మిల్లీమీటర్లే, స్ట్రోకులో పదహారు దాటింది. దాంతో సిలిండరు పొడుగు పెరిగింది, హెడ్డు ట్యాంకు కింది పైపుకు తగిలింది. భాయ్ నా ఛాసిస్‌లో పాత బ్రాకెట్లు ఒక్కటి కూడా కోయనీలేదు. ఆరు మిల్లీమీటర్ల ఇనుప ప్లేట్లు లేతులో కోయించి, పాత రంధ్రాలకే బోల్టులు వేసి, ఇంజిన్‌ను ముందుకూ కిందికీ కొంచెం దించి కూర్చోబెట్టినాడు. ఆ మొండితనం వల్లే ఐదేళ్ల తరువాత పాత ఇంజిన్ ఒక్క పూటలో ఎక్కింది. మీరు చేయించేదుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి చాలు.

హెడ్డుకూ పైపుకూ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. కొత్తలో చూసి మురిసిపోయినాం. వాల్వులను నొక్కే ట్యాపెట్లు సెట్ చేసే రోజు తెలిసింది, ఆ సందులో మూత పైకి రాదు. ప్రతిసారీ ముందు ప్లేట్లు వదులు చేసి ఇంజిన్‌ను కిందికి వంచితేనే పని. పావుగంట పని రెండు గంటలయింది. కొత్తగా చేసిన బండిని మెచ్చుకునేవాళ్లెవరూ ట్యాపెట్ మూత తీసి చూడరు కదా.

చైను ఇంకో కథ. ముందు స్ప్రాకెట్ నుంచి వెనక దానికి దారం కట్టి చూస్తే నాలుగు మిల్లీమీటర్లు పక్కకుంది. "నాలుగే కదా" అని వదిలేసినా. ఆరు వేల కిలోమీటర్లకే చైను, స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకు అరిగిపోయినాయి. తరువాత లేతులో వాషర్ చేయించి వేసి వరుస సరిచేసినాం. ఆ రెండో చైను ఇంజిన్ దించే రోజు దాకా నడిచింది.

తోక గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. సీటు వెనక ఛాసిస్ కోసి గుండ్రటి పైపు అతికించాలి, కేఫ్ రేసర్‌కు అందమంతా అక్కడే. భాయ్ ఊర్లో లేడని, ఆత్రం ఆపుకోలేక, కిటికీ గ్రిల్లులు చేసే ఒక షాపులో వేయించినా. నాలుగు వేల కిలోమీటర్లకు, తాడిపత్రి రోడ్డులో నల్లరాయి లారీల వెనక పోతుంటే, కింద ఏదో కిర్రుమంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ఆపి చూస్తే వెల్డింగ్ బాగానే ఉంది, దాని పక్కన పైపు చీలింది. అతుకు కాలిన చోటు పక్కనే లోహం పెళుసెక్కుతుందట. సింగిల్ సిలిండర్ వణుకుకు అక్కడే విరుగుతుందట. భాయ్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రెండోసారి పైపు లోపల ఇంకో పైపు ముక్క దూర్చి, పై పైపుకు రంధ్రాలు వేసి వాటిలోంచి కూడా అతికించినాడు. తరువాత ఇంతవరకూ గీత కూడా పడలేదు.

కాళ్ల దగ్గరికొస్తే, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే గేరు రాడ్డు తిరగబడుతుంది. ఒకటో గేరు పైకి, మిగతావి కిందికి అయిపోయినాయి. నేను నెలలో అలవాటు పడినా. నాయన ఒకరోజు నాకు చెప్పకుండా తీసుకుపోయి, కమలానగర్ మలుపులో గేరు దించబోయి ఎక్కించినాడు. ఇంటికొచ్చి తాళం నా ముందు పెట్టి, "ఇది నా బండి కాదు పో" అన్నాడు. మరుసటి రోజే లింకు మార్పించినా. గేరుకన్నా ప్రమాదం వెనక బ్రేకు. పెడల్ పొట్టిదయింది, రాడ్డు కోణం మారింది, ఎంత తొక్కినా డ్రమ్ము సగమే పట్టేది. డ్రమ్ము దగ్గరి బ్రేకు లివరు పొడవు పెంచి కొత్తది చేయించేదాకా ముందు డిస్కు మీదే బతికినా. ఫొటోల్లో ఇవేవీ కనపడవు.

కార్బరేటర్‌తో పడిన బాధకు ఒక ఏడాది పోయింది. చూడటానికి బాగుంటుందని ఫిల్టర్ డబ్బా పీకేసి, చిన్న గుండ్రటి ఫిల్టర్ తగిలించినా. కరిజ్మాది లోపల స్లైడు గాలి ఒత్తిడితోనే లేచే రకం. డబ్బాలో నిలకడగా ఉన్న గాలే దానికి ఆధారం. అది పోయేసరికి నలభై, యాభై వేగంలో బండి ఎక్కిళ్లు పెట్టేది. పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వేసినాం, సూదికి వాషర్ వేసినాం, పై వేగంలో బాగుపడితే మధ్య వేగంలో చెడేది. చివరికి పాత డబ్బానే కొంచెం కోసి సీటు కింద ఇరికించినాం. ఎక్కిళ్లు ఆగినాయి, లీటరుకు 33 వచ్చేది 38 అయింది. సైలెన్సరు కూడా అంతే. మెగాఫోన్ పైపు మూడు నెలలు పెట్టినా. జేజి "నీ బండి గుత్తిలో ఉన్నప్పుడే నాకు ఇనపడతాది" అంది. తీసేసి కంపెనీదే పెట్టినా.

ఎండ సంగతి మా ఊరోళ్లకు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 42 దాటిందంటే పొడుగు సిలిండరు ట్యాంకుకు అంత దగ్గరగా ఉండటం మోకాళ్లకు తెలుస్తుంది. సుభాష్ రోడ్డు ట్రాఫిక్‌లో పది నిమిషాలుంటే ఐడ్లింగ్ తానే పెరిగేది. ఆయిల్ 2,500 కిలోమీటర్లకే మార్చినా కాబట్టి లోపల పెద్దగా చెడలేదు. 22 వేల దగ్గర ఇంజిన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైను గోల చేస్తే, దాన్ని బిగించే టెన్షనరుతో సహా మార్చినాం. ఇంజిన్‌కు పెట్టిన పెద్ద ఖర్చు అదే. అంటే ఐదేళ్లలో నన్ను ఏడిపించింది కరిజ్మా ఇంజిన్ కాదు, దాని చుట్టూ మేం చేసినవే.

కిందికి వంగి పట్టుకునే హ్యాండిల్ మొదట ఫోర్కు ప్లేటు కింద బిగించినా. తిప్పితే బొటనవేలు ట్యాంకుకు నలిగేది, సప్తగిరి సర్కిల్లో యూ టర్న్‌కు కాలు కింద పెట్టి మూడుసార్లు నెట్టుకోవాల్సి వచ్చేది. ప్లేటు పైకి మార్చినాక మణికట్టు బతికింది. అయినా గంట దాటితే మెడ పడుతుంది. బెంగళూరుకు 210 కిలోమీటర్లు ఒక్కసారే పోయినా. పెనుకొండ దాటినాక నేను చూసిందంతా నా ముందు టైరే.

నడక మాత్రం, అబ్బ, ఒప్పుకోవాలి. వేరుశనగ కాటా మీద ముందు చక్రం, వెనక చక్రం విడివిడిగా తూచితే మొత్తం 133 కిలోలు వచ్చింది. అంత తేలిక బండికి ఆ ఇంజిన్ ఉంటే గుత్తి రోడ్డు మీద నాలుగో గేరులో పట్టి తిప్పితే చాలు, గేరు మార్చే పని ఉండదు. స్ట్రోకు పొడుగు కాబట్టి లాగుడంతా కిందే ఉంటుంది. సీబీజెడ్ ఇంజిన్ దీనికి తిరగేసినట్టు. కింద మెత్తగా ఉండి, నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగినాక గాని లేవదు. లారీని దాటాలంటే ముందే రెండు గేర్లు దించుకోవాలి. అయితే ఊర్లో తిప్పడానికి అదే హాయి. వణుకు సగం, వేడి సగం, ట్యాపెట్ మూత చేత్తో వస్తుంది. కేఫ్ రేసర్ కూర్చోబడితో నేను రోజుకు తిరిగేది పన్నెండు కిలోమీటర్లు. దానికి 17 హార్స్‌పవర్ ఏంటికి?

అయినా దింపేసింది అందుకు కాదు. 2023 చివర్లో తపోవనం దగ్గర ఒక ముసలాయన సైకిలు నా చక్రానికి తగిలింది. ఆయనకు మోచేయి గీరుకుంది, అంతే. కానీ ఆ రాత్రి కాగితాలు తీసి చూసినా. ఇన్సూరెన్సులో ఉన్న ఇంజిన్ నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అట్ల మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఇవన్నీ నాకు తెలియక కాదు, ఎవరూ పట్టుకోలేదు కదా అనే ధైర్యం. ఆయన కాలు విరిగి ఉంటే ఆ ధైర్యం ఎవరికి పనికొచ్చేది? ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు పోయి అడిగితే వేరే మోడల్ ఇంజిన్‌ను ఆర్సీలో ఎక్కించడం కుదరదన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు. కోసిన తోక సంగతి అట్లే ఉంది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఖర్చు పుస్తకంలో రాసుకుంటూ వచ్చినా, 71 వేలు దాటినాక రాయడం మానేసినా. పాత ఇంజిన్‌కు బోరు, పిస్టను, రింగులు, క్లచ్ ప్లేట్లు కలిపి ఇంకో పదకొండు. విడి భాగాలు ఇంకా దొరుకుతున్నాయి, గుజిరీలో అడిగితే తెప్పిస్తారు. 2023లో వచ్చిన కరిజ్మా ఎక్స్ఎంఆర్ చూసి ఆశపడకండి, అది 210 సీసీ వేరే ఇంజిన్, దాని సామాను దీనికి పట్టదు. ఇంకొకటి, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చినాక కార్బరేటర్ రబ్బర్లు ఉబ్బుతున్నాయి, ఏడాదికోసారి విప్పి చూసుకోండి.

కరిజ్మా ఇంజిన్ దాని ఆర్సీతో సహా ఇంట్లోనే ఉంది. ఇద్దరు అడిగినారు, పాతిక వేలిస్తామన్నారు, ఇంకా తేల్చుకోలేదు. ఆరు మిల్లీమీటర్ల ప్లేట్లు మాత్రం అమ్మను. గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి, ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి పెట్టినా.