మా వియ్యపురాలు తెచ్చిన పొఫర్చెస్ పెనం: మూడేళ్ల వాడకం తర్వాత

మా వియ్యపురాలు పెట్టెలోంచి ఈ పెనం తీసి బల్లమీద పెట్టగానే మా ఆయన "పొంగనాల పెనమే కదా, దీన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చారా!" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మూడేళ్లు వాడాక చెబుతున్నాను, ఇది పొంగనాల పెనం కాదు. పొంగనాల కోసమే అయితే ఎవరూ దీన్ని కొనవద్దు.

పోత ఇనుముతో చేసిన పెనం. బరువు రెండు కిలోల పైమాటే. మధ్య వరసలో ఐదు, దానికి అటూ ఇటూ నాలుగేసి, ఆ పైన మూడేసి, మొత్తం 19 గుంటలు. మన పెనంలో గుంట చిన్న గిన్నెలా లోతుగా ఉంటుంది. ఇందులో లోతు పెద్ద చెంచా అంతే. అందుకే మినప్పిండి పోస్తే పొంగనం చదునుగా, బిళ్లలా వస్తుంది. మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అసలు పొఫర్చెస్ అంటే డచ్చివాళ్ల బుల్లి అట్లు. గోధుమపిండి, బక్‌వీట్ అనే గింజల పిండి, పాలు, ఈస్టు కలిపి పొంగనిచ్చి, రూపాయి బిళ్లకన్నా పెద్దగా కాలుస్తారు. వేడి వేడివాటి మీద వెన్నముక్క పెట్టి, పంచదార పొడి మంచులా చల్లుతారు. పైన పలచని పొర, లోపల దూదిలాంటి మెత్తదనం. గుంట లోతు తక్కువ కాబట్టే ఆ మెత్తదనం పచ్చిగా మిగలకుండా ఉడుకుతుంది.

నేను వీటిని మొదట తిన్నది మిడిల్‌బర్గ్‌లో, మా అమ్మాయికి పురుడు పోయడానికి వెళ్లినప్పుడు. నెదర్లాండ్స్‌లో జేలండ్ అనే ప్రాంతంలో ఉంటుంది ఆ ఊరు. మనవరాలు పుట్టిన రోజు సాయంత్రం మా అల్లుడు గుండ్రటి రస్కులకు వెన్న రాసి, వాటి మీద గులాబీ, తెలుపు రంగుల్లో పంచదార పూత పూసిన సోంపు గింజలు చల్లి, చూడవచ్చిన వాళ్లందరికీ పంచాడు. వాటిని మౌష్యెస్ అంటారట, అంటే చిట్టెలుకలు. సోంపు గింజకు ఉండే తోకను చూసి పెట్టిన పేరు. బాలింతకు సోంపు మంచిదని వాళ్లూ అంటారని వియ్యపురాలు చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. మా అమ్మ నాకు పెట్టినది కూడా అదే కదా! వచ్చిన వాళ్లు అమ్మాయికీ అల్లుడికీ మాత్రమే కాదు, అమ్మమ్మనైన నాకూ చేయి కలిపి "హెఫెలిసిటేర్ట్" అని అభినందనలు చెప్పారు. అక్కడ పుట్టినరోజుకైనా అంతేనట, ఇంట్లో వాళ్లందరికీ చెప్పాలి. ఎంతో మంచి పద్ధతి.

మూడో వారం వియ్యపురాలు తన ఇంటికి పిలిచి ఈ బుల్లి అట్లు పోసి పెట్టింది. నేను ఎన్ని తిన్నానో లెక్క లేదు. పచ్చి హెరింగ్ చేపను మాత్రం నోట పెట్టలేకపోయాను. ఆ మరుసటి ఏడు సంక్రాంతికి మా ఇంటికి వస్తూ పెనం తెచ్చింది.

ఇక్కడ మొదటి రెండుసార్లూ సరిగా రాలేదు. గ్యాస్ పొయ్యి మంటంతా మధ్యలోనే ఉంటుంది. నడిమి ఏడు గుంటలు మాడేసరికి అంచుల్లోవి పచ్చిగా ఉండిపోయాయి. వెంటనే వియ్యపురాలు తన వంటే పాడైనట్టు బాధపడింది. మూడోసారి పెరట్లో కుంపటి రాజేశాను. కొబ్బరి చిప్పలు కాలి ఎర్రటి నిప్పులయ్యాక, నివురు కప్పే సమయానికి వాటిని సమానంగా పరిచి పెనం పెట్టాను. ఐదు నిమిషాలు కాగాక, వెన్న అద్దిన గుడ్డతో గుంటలన్నీ తుడిచి, కొమ్ముచెంబుతో పిండి పోశాను. పిండి అంచుల నుంచి బిగుసుకుంటూ లోపలికి వచ్చింది. నడుమ సన్నటి బుడగలు లేచి పగిలాయి. ఆ బుడగల గుంతలు పూడకుండా నిలిచినప్పుడు వెదురు పుల్ల అంచున దూర్చి ఒక్క తిప్పు తిప్పాలి. తిరగబడ్డ అడుగు బంగారు రంగులో, గుండ్రంగా, పైకి ఉబ్బి ఉంది. 19కి 19 సమానంగా కాలాయి. ఆవిడ పుల్ల కింద పెట్టి నన్ను వాటేసుకుంది.

ఆ సాయంత్రం నిప్పులు చల్లారే దాకా అక్కడే కూర్చున్నాం. పొద్దున ఏటిగట్టు మీద నడుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే "డైక్" (వాళ్ల భాషలో గట్టు) అని చూపించి ఆగిపోయింది ఆవిడ. ఎందుకో అప్పుడు చెప్పింది. 1953లో జనవరి 31 రాత్రి తెల్లవారితే ఫిబ్రవరి 1 అనగా, సముద్రం గట్లు తెంచుకుని జేలండ్ మీద పడింది. నెదర్లాండ్స్‌లో 1,836 మంది పోయారు. వాళ్లమ్మ ఆ రాత్రంతా అటక మీద గడిపిందట. నేను 1996 నవంబరు 6 తుపాను చెప్పాను, తెల్లారి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్న సంగతి. మధ్యలో అమ్మాయి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతూనే ఉంది. చివరికి అది కూడా మానేసింది, మాకు అక్కర్లేకపోయింది.

మర్నాడు ఆత్రేయపురం తీసుకెళ్లాం. బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో బియ్యపు పిండి నీళ్లు ఒక్క ఊపున పరిస్తే రేకు లేచిరావడం చూసి ఆవిడ కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చుంది. నెయ్యి, పంచదార పొడి వేసి మడిచిన పూతరేకు నోట్లో పెట్టుకుని "వదినా, ఇది మా పొఫర్చెస్ రుచే" అంది. నిజమే. వెన్న కాచితే నెయ్యి, పంచదార పొడి రెండు చోట్లా ఒకటే.

వాడే వాళ్లకు కొన్ని విషయాలు చెప్పాలి. బక్‌వీట్‌ను ఉత్తరాది వాళ్లు కుట్టు అంటారు, ఉపవాసాలకు వాడతారు. నేను తెప్పించిన మొదటి పొట్లం పాతదై చేదెక్కింది, పారేశాను. తాజాగా దొరికితేనే వాడండి. దొరకని రోజు గోధుమపిండి 200 గ్రాములు, చోడిపిండి 50 గ్రాములు కలుపుతున్నాను. రంగు ముదురుతుంది, రుచి బాగుంటుంది. గోరువెచ్చని పాలు 350 మిల్లీలీటర్లు, ఒక చెంచా ఈస్టు, చిటికెడు ఉప్పు. అక్కడ పిండి పొంగడానికి గంట పడుతుంది. మే నెలలో మనకు 25 నిమిషాలు చాలు, ఆలస్యమైతే పులుస్తుంది. గ్యాస్ మీదే చేయాలంటే సన్నమంట మీద పది నిమిషాలు కాగనిచ్చి, మధ్య మధ్య పెనాన్ని పక్కకు జరుపుతూ ఉండాలి. పిడి కూడా ఇనుమే, మసిగుడ్డ లేకుండా ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది తుప్పు. మా ఉప్పుగాలికి మొదటి వానాకాలంలోనే గుంటలన్నీ ఎర్రబడ్డాయి. చూసి కళ్లనీళ్లు వచ్చాయి. కొబ్బరిపీచుతో, చింతపండుతో తోమి, పొయ్యి మీద తడి ఆర్పి, నువ్వులనూనె పలచగా రాసి పొగ వచ్చేదాకా కాచాను. అలా నాలుగుసార్లు చేస్తే మళ్లీ నల్లగా నిగనిగలాడింది. ఇప్పుడు కడగడం మానేసి వేడిగా ఉండగానే గుడ్డతో తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి పెడుతున్నాను. తుప్పు మళ్లీ కనబడలేదు.

ఈ సంక్రాంతికి వాళ్లు నలుగురూ వస్తున్నారు. కొబ్బరి చిప్పలు రెండు గోనె సంచులు ఎండబెట్టి ఉంచాను. బక్‌వీట్ పిండి రెండు కిలోలు తెమ్మని వదినకు చెప్పాను.