మార్టన్ ఆర్బొరీటమ్, లైల్: సికాడాల కోసమే వెళ్ళాం

షికాగో చుట్టుపక్కల ఉంటూ, 2024లో మా వైపు సికాడాలు (పదిహేడేళ్ళకోసారి నేలలోంచి వచ్చి చెట్ల మీద గోలగా అరిచే పురుగులు) రాలేదే అనుకున్న తెలుగువాళ్ళకి నేనిచ్చిన సలహా: ఆ జూన్ దాటకముందే లైల్‌లోని మార్టన్ ఆర్బొరీటమ్ అనే చెట్ల తోటకి వెళ్ళండి. అరోరాలో మా కాలనీకీ అవి రాలేదు, ఎందుకంటే అది ఒకప్పుడు మొక్కజొన్న చేను. ఈ సికాడా పిల్లలు పదిహేడేళ్ళు మట్టిలో ఉండి చెట్ల వేళ్ళ రసం పీల్చి బతుకుతాయి. అంటే 2007లో చెట్టు లేని చోట 2024లో సికాడా ఉండదు. ఆర్బొరీటమ్‌లోనేమో 1922 నుంచీ చెట్లే లోకం. అక్కడ మాత్రం నేల ఈనినట్టు వచ్చాయి!

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్ళాను. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. అందరూ పైకి చూస్తుంటే ఆయన ఓ ఓక్ కొమ్మ వంచి, "ఇటు చూడమ్మా" అన్నారు. పెన్సిల్ మందం రెమ్మ మీద వరసగా చీలికలు. ఆడ సికాడా ఒకటి పొట్ట కింద సూది లాంటిది రెమ్మలోకి దించి గుడ్లు పెడుతోంది. ఎర్రటి కళ్ళు, రెక్కల మీద నారింజ రంగు ఈనెలు. మేం అంత దగ్గరికి వెళ్ళినా కదల్లేదు. "లేత మొక్కయితే తట్టుకోలేదు" అన్నారు నాన్న. నిజంగానే చిన్న చెట్లకి అక్కడివాళ్ళు సన్నటి వల చుట్టి ఉంచారు. పెద్ద చెట్లకి కొమ్మల చివర్లు ఎండుతాయంతే, ప్రాణానికి ఢోకా లేదు.

మధ్యాహ్నం ఎండలోనే గోల ఎక్కువ. అరిచేవి మగవే. వీటిలో సెప్టెండెసిమ్ జాతి ఆగకుండా హోరుమంటుంది, క్యాసినీ జాతి గుంపుగా ఒక్కసారే ఎత్తుకుని దించుతుంది. కాసేపు వింటే తేడా మీకే తెలుస్తుంది. రూట్ 53 రోడ్డుకి పడమటి వైపు షూలెన్‌బర్గ్ ప్రెయిరీ ఉంది, 1962 నుంచి మళ్ళీ పెంచిన గడ్డి మైదానం. చెట్లు దాటి ఆ గడ్డిలోకి నడుస్తుంటే గోల తగ్గిపోతూ వచ్చింది. వీటికి చెట్టే ఇల్లని నాకు అక్కడ బాగా అర్థమైంది. పిల్లలుంటే తప్పకుండా అటూ నడిపించండి.

1,700 ఎకరాల తోట, ఒక్క పూటలో అవదు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. 2024లో చచ్చిన సికాడాలు చెట్ల మొదళ్ళలో కుప్పపడి వాసన వచ్చాయి, అలాంటప్పుడు చెప్పులొద్దు, షూస్ వేసుకోండి. కుట్టవు, కరవవు, టెన్షన్ అక్కర్లేదు. ఈ గుంపు మళ్ళీ వచ్చేది 2041లోనే. నా రేటింగ్ ఐదుకి ఐదు.