షాక్ ఆయిల్ పేరుతో చవక నూనె: నెల్లూరు, ఒంగోలు ఆర్సీ కార్ల వాళ్లకు హెచ్చరిక

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఆర్సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. సీసా మీద "ఆర్సీ షాక్ ఆయిల్ 40" అని మాత్రమే రాసి, వంద మిల్లీలు 180 రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. మాకు వచ్చిన సీసాలో ఉన్నది సిలికోన్ ఆయిల్ కాదు. నా బగ్గీ షాకులు (కుదుపులు తగ్గించే, లోపల నూనె పోసే షాక్ అబ్జార్బర్లు) నాలుగూ, మా మేనల్లుడి ట్రక్కు షాకులు నాలుగూ దానితోనే పాడయ్యాయి. వాడు కావలిలో ఇంటర్ చదువుతున్నాడు. పండగలకు పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బులు దాచుకుని ఆ బండి కొనుక్కున్నాడు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

పోసిన కొత్తలో ఏ తేడా కనపడలేదు. తర్వాత బండిని చేత్తో కిందికి నొక్కితే పైకి లేవడం మానేసింది. విప్పి చూస్తే నూనె కారకుండా ఆపే ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు రింగులు) ఉబ్బి, మెత్తబడి, షాకులో పైకీ కిందికీ ఆడే కడ్డీని, అంటే షాఫ్ట్‌ను గట్టిగా పట్టేసుకున్నాయి. పైన క్యాప్ కింద ఉండే రబ్బరు బ్లాడర్ కూడా సాగిపోయి దాని గాడిలో కూర్చోవడం లేదు. ఉబ్బిన రింగు షాఫ్ట్‌తో రాపిడికి చిరిగింది, నూనె కారడం మొదలైంది. మేం ఎక్కువగా నడిపేది పెన్నా ఇసుకలో. తడి షాఫ్ట్‌కు ఆ ఇసుక అంటుకుని గీతలు పడ్డాయి. గీత పడిన షాఫ్ట్‌కు కొత్త రింగు వేసినా మళ్లీ కోసేస్తుంది, కాబట్టి షాఫ్టులు కూడా మార్చాల్సి వచ్చింది. చవక నూనె వల్ల మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు స్పేర్లకే పోయింది.

చాలా ఆర్సీ షాకుల్లో ఓ-రింగులు, బ్లాడర్లు సిలికోన్ రబ్బరుతో చేస్తారు. ఇంజిన్ ఆయిల్, బైకు ముందు ఫోర్కుల్లో పోసే ఫోర్క్ ఆయిల్ లాంటి మినరల్ నూనెలను (ముడిచమురు నుంచి తీసేవి) ఆ రబ్బరు పీల్చుకుని ఉబ్బుతుంది. నైట్రైల్ అనే వేరే రకం రబ్బరు రింగులు ఉన్న షాకులైతే తట్టుకుంటాయి, అందుకే "నేను ఫోర్క్ ఆయిలే పోశాను, ఏం కాలేదు" అనే వాళ్లు కూడా కనిపిస్తారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ వాళ్ల రింగు వేరు, మీ రింగు వేరు కావచ్చు.

రెండో సంగతి మన ఎండలు. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. మినరల్ నూనె వేడికి చాలా త్వరగా పల్చబడుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 45 దగ్గరకు వచ్చేసరికి సగం కూడా మిగలదు. సిలికోన్ కూడా పల్చబడుతుంది, కానీ చాలా తక్కువ. పొద్దున బాగా నడిచిన బండి మధ్యాహ్నం ఎగిరెగిరి పడుతూ ముక్కు నేలకేసి కొట్టుకుంటుంటే ముందు నూనెనే అనుమానించండి.

ఇక ఆ 40 అన్న అంకె. అసలు మోసం దాన్లోనే ఉంది. ఆర్సీ ఆయిల్ చిక్కదనాన్ని సరిగ్గా చెప్పేది సెంటీస్టోక్స్, సీసాల మీద సీఎస్‌టీ అని వేస్తారు. నీళ్లు సుమారు 1 సీఎస్‌టీ. కొన్ని కంపెనీలు చిక్కదనాన్ని "వెయిట్" అనే అంకెతో చెబుతాయి; ఆర్సీ కంపెనీ టీమ్ అసోసియేటెడ్ లెక్కలో 30 వెయిట్ అంటే 350 సీఎస్‌టీ. వెయిట్ అంకె కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది, అయినా అవన్నీ సిలికోన్ ఆయిళ్లే. ఇంజిన్ ఆయిల్ మీద ఉండే 40 వేరే కొలత, 100 డిగ్రీల దగ్గర చూసేది. ఈ రెండు నలభైలకూ సంబంధం లేదు. అమ్మినవాళ్లను అడిగితే "40 గ్రేడ్ సార్, అన్ని షాకులకూ పనికొస్తుంది" అన్నారు. సిలికోనేనా అని అడిగాక జవాబే లేదు. సీల్ తీశారు కాబట్టి వాపసు కుదరదన్నారు.

ఇంట్లో దొరికేవాటి గురించి కూడా చెప్పాలి, పిల్లలు వీడియోలు చూసి పోసేస్తున్నారు. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన, పైగా అదీ మినరలే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన డిసెంబరు రాత్రులు చాలు. బ్రేక్ ఆయిల్ మాత్రం దగ్గరికే రానివ్వకండి, బండి పెయింటును తినేస్తుంది. చవకలో పనికొచ్చేది ఒకటుంది: ట్రెడ్‌మిల్ బెల్టుకు వేసే సిలికోన్ ఆయిల్. దాని మీద 100 శాతం సిలికోన్ అని, సీఎస్‌టీ అంకె వేసి ఉంటే వాడుకోవచ్చు. స్ప్రే డబ్బాలు వద్దు.

అనుమానం ఉన్న నూనెను షాకులో పోయకముందు చిన్న గాజు సీసాలో కొద్దిగా తీసుకుని, తెలిసిన సిలికోన్ ఆయిల్ అంతే కలిపి బాగా ఊపి వదిలేయండి. మినరల్ అయితే కలవదు, తెల్లగా మసకబారి, తేరుకున్నాక రెండు పొరలుగా విడిపోతుంది. మా సీసాను పట్టిచ్చింది ఈ పరీక్షే.

ఇప్పటికే పోసి ఉంటే ఇవాళే తీసేయండి. విడిభాగాలను గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. పెట్రోలుతో కడగొద్దు, రబ్బరుకు అదీ హానే. ఉబ్బిన రింగులు ఆరితే చిన్నవైనట్టు కనిపిస్తాయి, అయినా మళ్లీ వేయకండి. కొత్తవి వేసి, సిలికోన్ పోసి, షాఫ్ట్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ బుడగలన్నీ పోయాకే క్యాప్ బిగించండి.

సీసా, బిల్లు, ఆర్డర్ స్క్రీన్‌షాట్ పారేయొద్దు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా, పరిమాణం, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. మా సీసా మీద ప్యాకర్ చిరునామాయే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇదే సీసా కొన్నవాళ్లు మీరూ ఇవ్వండి. ఒక్కరి ఫిర్యాదు కంటే పదిమందిది బలంగా ఉంటుంది.