తాగగా మిగిలిన నీళ్ళు: దొప్ప బాటిల్‌తో రెండేళ్ళు

కుక్కల కోసం అమ్మే ప్రయాణపు బాటిల్ ఎలా ఉంటుందో కుక్కను పెంచేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. పైన దొప్పలాంటి మూత, పక్కన ఆ దొప్పలోకి నీళ్ళు వదిలే బటన్, అంతే. నాకు అది అంతగా నచ్చడానికి కారణం ఒక్కటే. కుక్క తాగగా మిగిలిన నీళ్ళు బటన్ నొక్కితే తిరిగి లోపలికి పోతాయి.

అంతకుముందు మడతపెట్టే గిన్నె వాడేవాళ్ళం. మా సిరి ఎప్పుడూ ఒక్క విడతలో తాగదు. నాలుగు గుక్కలు తాగి, పిట్ట ఎగిరితే అటు పరుగెత్తి, కాసేపటికి మళ్ళీ వస్తుంది. కుక్కలు నాలుకను వెనక్కి మడిచి నీటిని పైకి లాగి తాగుతాయి కనుక చుట్టూ చిందేది చిందగా, గిన్నెలో మిగిలింది పారబోయవలసిందే. నీటి ఆధారం లేని కొండదారిలో అలా పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. సిరి 12 కిలోలు ఉంటుంది. కిలోకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల లెక్కన మామూలు రోజున దానికి 600 నుంచి 720 మిల్లీలీటర్లు కావాలి, ఎండలో నడిస్తే ఇంకా ఎక్కువ. అర లీటరు బాటిల్‌తో బయలుదేరినవాళ్ళకు ప్రతి గుక్కా విలువైనదే. మొదటి ఏడాది కుక్కతో ఎదురైన ప్రతివారికీ ఈ బాటిల్ కొనమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

రెండో వేసవిలో ఒక ఉదయం రెండు గంటల నడకకు వెళ్ళాం. మొదటి మజిలీలో దొప్ప ముందు పెడితే సిరి వాసన చూసి మూతి తిప్పుకుంది. దాహం వేయలేదేమో అనుకున్నాను. రెండో చోటా అంతే. మూడోసారి ఆగినప్పుడు చెట్టునీడన కూలబడి, నాలుక వేలాడేసి రొప్పుతూనే ఉంది. పై పెదవి ఎత్తి చిగుళ్ళు తాకాను. తడిగా జారవలసినవి వేలికి అంటుకున్నాయి. కుక్కకు పాదాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు. రొప్పుతూ నోటి తడిని ఆవిరి చేసుకుంటేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ తడే ఆరిపోతోందని తెలిసి నా చేతులు వణికాయి. నేను తాగే నీళ్ళు దోసిట్లో పోసి పెడితే ఆత్రంగా తాగింది. ఒకేసారి ఎక్కువ తాగితే కక్కుకుంటుందని కొంచెం కొంచెంగా ఇచ్చాను. పొట్ట, పాదాలు తడిపాను. అరగంటకు లేచి తోక ఊపింది. దానికి దాహం వేస్తూనే ఉంది, వద్దన్నది ఆ బాటిల్‌లోని నీళ్ళను.

ఇంటికి వచ్చి మూతలోని రబ్బరు వాషర్‌ను పిన్నీసుతో పైకి తీశాను. కింద నల్లటి చార, తాకితే జిగట. బటన్ కింది సన్నని దారిలోనూ అదే. బాటిల్‌ను రోజూ తోమేదాన్ని, మూతను మాత్రం కుళాయి కింద పెట్టి తీసేసేదాన్ని. నేను అంతగా మెచ్చుకున్న ఏర్పాటే సిరి చొంగనూ, మూతికి అంటిన గడ్డినీ ప్రతిసారీ లోపలికి చేర్చింది. వాషర్ ఊడదీసి కడగాలని బాటిల్‌తో వచ్చిన కాగితంలో ఒక్క ముక్కైనా లేదు. తయారీదారు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు ప్రతి నడక తర్వాత వాషర్ తీసి, సన్నని బ్రష్‌తో సబ్బు పెట్టి రుద్ది, మూతను విప్పి ఆరబెడుతున్నాను. మిగిలిన నీళ్ళను ఇంటికి రాగానే మొక్కలకు పోస్తాను. దూరప్రయాణమైతే కారులో వేరే డబ్బాతో మంచినీళ్ళు పెట్టుకుని, బాటిల్‌లోకి కొద్దికొద్దిగా నింపుతాను. తీసి పెట్టీ తీసి పెట్టీ వాషర్ వదులైంది. బాటిల్‌ను పక్కకు వాలిస్తే సంచి తడుస్తోంది. విడి వాషర్ ఎక్కడా దొరకలేదు.

మాకు ఒక్కటే కుక్క, నడకలూ చిన్నవి, కడిగే ఓపిక నాకుంది. అందుకే బాటిల్ ఇంకా మా సంచిలోనే ఉంది. రెండు మూడు కుక్కలు ఉంటే ఒకదాని ఎంగిలి ఇంకొకదానికి పట్టే ఈ పద్ధతిని నేనైతే ఎంచుకోను. మా చెల్లెలి కుక్క పగ్, చప్పిడి మూతి జాతిది. దాని మూతి ఈ ఇరుకు దొప్పలో ఇమడనే లేదు, దానికి పాత గిన్నే నయం. ఇక సిరికి పెట్టేముందు ప్రతిసారీ దొప్పలోని నీళ్ళను ముందు నేను వాసన చూస్తున్నాను.